చెప్పుకోలేని బాధకు చెవి ఒగ్గిన వైద్యుడు: డాక్టర్ రివర్స్

శరీరానికి తగిలిన గాయం కంటికి కనబడుతుంది. దానికి మందు వేయవచ్చును, కట్టు కట్టవచ్చును. మానిన పిదప మిగిలిన మచ్చను చూపి ఇది ఫలానా నాటి దెబ్బ అని చెప్పుకొనవచ్చును. మనస్సుకు తగిలిన గాయానికి ఈ సౌకర్యం లేదు. పైకి మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. రాత్రి నిద్రలో కేకలు వేసి లేస్తాడు, తలుపు చప్పుడుకు ఉలికిపడతాడు, ఒక్కొక్కప్పుడు నోట మాట పడిపోతుంది. ఇట్టివానిని చూచి లోకం పిరికివాడన్నది, దొంగవేషం వేస్తున్నాడన్నది. దయగలవారు సైతం జరిగినదేదో జరిగినది, ఇక మరచిపొమ్మని చెప్పి ఊరుకున్నారు.

మరచిపొమ్మనే ఆ సలహాయే వ్యాధిని పెంచుతున్నదని గుర్తించి, బాధితుని ఎదుట కూర్చుండి అతని చేత చెప్పించి విన్న తొలితరం వైద్యులలో డాక్టర్ విలియం హాల్స్ రివర్స్ రివర్స్ ప్రముఖులు. ఇంటిపేరు రెండుసార్లు పడినది అచ్చుతప్పు కాదని మనవి. ఆయన పేరు అట్లే వ్రాయబడుతూ వచ్చినది. ఆయన ఇంగ్లీషువారైనా మన దక్షిణదేశానికి కొత్తవారు కారు. నీలగిరి కొండలలోని తోడా జాతివారిని గురించి తొలి సమగ్ర గ్రంథాలలో ఒకటి వ్రాసినది ఆయనయే. అట్టి మహనీయుని జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయవలెనని మేము ఈ వ్యాసం తలపెట్టినాము.

బాల్యము, విద్య

రివర్స్ 1864వ సంవత్సరం మార్చి 12వ తేదీన ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో చాతం పట్టణం వద్ద జన్మించారు. తండ్రి హెన్రీ రివర్స్ క్రైస్తవ మతాచార్యులు. తల్లి ఎలిజబెత్ పుట్టినింటివారు హంట్ వంశస్థులు. ఆ వంశం వారికి ఒక విచిత్రమైన వృత్తి ఉండేది. నత్తి గలవారికి మాట సరిచేయడం వారి పని. మాతామహుడు థామస్ హంట్ ఆ విద్యను ప్రారంభించగా, మేనమామ జేమ్స్ హంట్ దానిని వృద్ధి చేశారు. మేనమామ అనంతరం రివర్స్ తండ్రి ఆ పనిని చేపట్టారు. ఆలిస్ కథల రచయితగా ప్రపంచ ప్రసిద్ధి గాంచిన లూయీ కారల్ కూడా తన నత్తికి చికిత్స కోసం జేమ్స్ హంట్ వద్దకు వచ్చినవారే.

ఇంతమంది నత్తి వైద్యులున్న ఇంటిలో పుట్టిన ఈ బాలునికే నత్తి వచ్చినది. తండ్రి ఎంత ప్రయత్నించినా అది పూర్తిగా పోలేదు. పెద్దవాడై కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పే కాలంలో కూడా మాట తడబడుతూనే ఉండేది. నోటి వరకు వచ్చిన మాట బయటకు రాకపోతే మనిషి ఎంత నలిగిపోతాడో ఆయనకు పుస్తకాల వలన తెలిసిన సంగతి కాదు.

మరొక లోపం కూడా ఆయనకు ఉండేది. కన్నులు మూసుకొని ఒక వస్తువును మనస్సులో చూడగలిగే శక్తి ఆయనకు దాదాపు లేదు. చిన్ననాడు మాత్రం ఉండినదట. ఐదవ యేట విడిచిన ఇంటిలో క్రింది గదులన్నీ ఆయనకు జ్ఞాపకమే. మేడ మీది గదులు మాత్రం ఎంత ప్రయత్నించినా జ్ఞాపకం రాలేదు. ఆ మేడ మీద తనకు భరింపరానిది ఏదో జరిగి ఉండునని, దానిని మరచే ప్రయత్నంలో మనస్సు ఆ గదులనే కాక చూపునే మూసివేసి ఉండునని ఆయన తరువాతి కాలంలో ఊహించారు. ఈ సంగతిని దాచుకొనక తన శాస్త్రగ్రంథంలోనే ఉదాహరణగా వ్రాసుకొన్నారు.

టన్‌బ్రిడ్జ్ పాఠశాలలో చదివే రోజులలో టైఫాయిడ్ జ్వరం వచ్చి, కేంబ్రిడ్జి విద్యార్థివేతన పరీక్షకు అవకాశం తప్పిపోయినది. నిరాశ చెందక లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆస్పత్రిలో వైద్యవిద్యలో చేరి, 1886లో, 22 ఏండ్ల వయస్సులో, పట్టభద్రులైనారు. కొంతకాలం ఓడలో వైద్యుడుగా దూరదేశాలు తిరిగినారు. పిదప లండన్‌లో నాడీవ్యాధుల ఆస్పత్రిలో పనిచేశారు. అచ్చటనే హెన్రీ హెడ్ అనే వైద్యునితో జీవితకాల స్నేహం ఏర్పడినది. 1893లో కేంబ్రిడ్జిలో అధ్యాపకులుగా ప్రవేశించి, మనశ్శాస్త్రాన్ని ప్రయోగశాలలో బోధించే పద్ధతికి బ్రిటనులో పునాది వేసినవారిలో ఒకరైనారు. తాను విద్యార్థిగా చేరలేకపోయిన విశ్వవిద్యాలయానికే ఈ విధంగా గురువుగా వెళ్ళినారు.

ద్వీపాలలోను, నీలగిరులలోను

1898లో హాడన్ పండితుని నాయకత్వాన కేంబ్రిడ్జి నుండి ఒక పరిశోధక బృందం ఆస్ట్రేలియాకు, న్యూగినీకి నడుమ ఉన్న టోరెస్ జలసంధి ద్వీపాలకు వెళ్ళినది. రివర్స్ అందులో సభ్యులు. అనాగరికులని పేరుపడిన జాతులకు కంటిచూపు మనకంటే ఎన్నో రెట్లు అధికమని ఆనాటి యూరపులో ఒక నమ్మకం ఉండేది. ఆయన పరికరాలతో పరీక్షించి, తేడా అంతగా లేదనియు, వారి నేర్పు పరిసరాలను గమనించే అలవాటు వలన వచ్చినదనియు తేల్చినారు. ఆయన మేనమామ జేమ్స్ హంట్ 1863లో లండన్‌లో మానవశాస్త్ర సంఘాన్ని స్థాపించి, నల్లజాతి వారు పుట్టుకతోనే హీనులని వాదించిన మనిషి. మేనల్లుడు అదే శాస్త్రాన్ని చేపట్టి, మేనమామ చెప్పినదానికి విరుద్ధమైన చోటికి చేరుకొన్నారు.

ఆ ద్వీపాలలోనే ఆయన ఒక పద్ధతిని కనుగొన్నారు. ఎవరినైనా కలిసినపుడు మీ ఆచారాలేమిటని అడుగక, మీ తల్లి పేరేమి, తండ్రి పేరేమి, అన్నదమ్ములెవరు, వారి బిడ్డలెవరు అని అడిగి వంశవృక్షం వ్రాసుకొనేవారు. తన వారిని గురించి చెప్పమంటే మాటాడని మనిషి ఉండడు. అందులో నుండే ఆ సంఘం యొక్క కట్టుబాట్లన్నీ తెలిసివచ్చేవి.

1901, 1902 సంవత్సరాలలో నీలగిరులకు వచ్చి కొన్ని నెలలు తోడాల నడుమ గడిపినారు. అప్పుడు నీలగిరులు, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అన్నీ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. తోడాల సంఖ్య సుమారు 800 మాత్రమే. వారికి గేదెలే సర్వస్వం. పాడి చేసే కొట్టమే దేవాలయం. 1906లో ప్రకటితమైన ఆయన గ్రంథం ఏడువందల పుటలకు మించినది.

ఆ పరిశోధనలో ఒక విషాదం జరిగినది. పవిత్రమైన విషయాలను ఆయనకు చెప్పినవారిలోను, చూపినవారిలోను ఒకరికి జబ్బు చేసినది, మరి కొందరి ఇండ్లలో చావులు సంభవించినవి. దేవతలు ఆగ్రహించినారని తోడాలు భావించి, అటు తరువాత నోరు విప్పడానికి వెనుకాడినారు. రివర్స్ ఈ సంగతిని తన గ్రంథంలో దాచలేదు. మనిషి తన అంతరంగాన్ని మరొకరికి విప్పి చెప్పడం సామాన్య విషయం కాదని, చెప్పిన వానికి అందులో ఎంతో భయం ఉండునని ఆయనకు ఆ కొండల మీద తెలిసినది.

కేంబ్రిడ్జికి తిరిగివెళ్ళిన పిదప, 1903లో, హెన్రీ హెడ్ తన ఎడమ ముంజేతిలోని నాడిని తానే కోరి కోయించుకొన్నారు. తెగిన నాడి తిరిగి అతుకుకొనేటపుడు స్పర్శజ్ఞానం ఏ క్రమంలో వచ్చునో తెలుసుకొనుటకై రివర్స్ దాదాపు ఐదేండ్లపాటు ఆ చేతిని పరీక్షిస్తూ వచ్చినారు. సూదితో గ్రుచ్చితే బాధపడేది ఆప్తమిత్రుడు; గ్రుచ్చవలసినది తాను. శాస్త్రం కోసమే అయినా ఆ పని సులభం కాదు.

యుద్ధము, మనస్సు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైనది. కొద్ది నెలలలోనే ఒంటి మీద గాయం లేని సైనికులు వణకుతూ, మాటలు పడిపోయి, కాళ్ళు చచ్చుబడి ఆస్పత్రులకు రాసాగినారు. రివర్స్ శిష్యుడు, టోరెస్ యాత్రలో సహచరుడు అయిన చార్లెస్ మయర్స్ 1915లో దీనిని షెల్ షాక్ అనే పేరుతో వైద్యపత్రికలో వర్ణించినారు. ఫిరంగి గుండు దగ్గరలో పేలినందువలన మెదడు అదిరి ఈ వ్యాధి వచ్చునని మొదట తలచినారు. అయితే గుండు దరిదాపులలో లేనివారికి కూడా ఇది వస్తున్నది. కొందరు సైనికాధికారుల దృష్టిలో ఇది వట్టి పిరికితనం. పిరికితనం, సైన్యం నుండి పారిపోవడం మొదలైన నేరాల క్రింద బ్రిటిష్ సైన్యం కాల్చివేసిన వారిలో మతి చలించినవారు కూడా ఉండిరి. అట్లు మరణదండన పొందిన 306 మందికి బ్రిటిష్ ప్రభుత్వం 2006లో, దాదాపు తొంబది ఏండ్లు గడచిన తరువాత, క్షమాపణ ప్రసాదించినది. కొన్ని ఆస్పత్రులలో మాట పడిపోయిన సైనికునికి గొంతులో విద్యుత్తు పెట్టి మాటాడించే చికిత్స కూడా జరిగినది.

రివర్స్ 1915లో లివర్‌పూల్ సమీపాన మగల్ ఆస్పత్రిలో సామాన్య సైనికులకు చికిత్స చేయసాగినారు. 1916లో సైనిక వైద్యదళంలో కాప్టెన్ హోదాతో స్కాట్లండులోని ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆస్పత్రికి వెళ్ళినారు. అది అధికారుల కొరకు ఏర్పడినది. అప్పటికి ఆయన వయస్సు 52 ఏండ్లు.

చికిత్సా విధానం

ఆయన వద్ద యంత్రాలు లేవు, ప్రత్యేకమైన మందులు లేవు. ఒక గది, రెండు కుర్చీలు, కావలసినంత ఓపిక ఉండినవి. అక్కడికి వచ్చిన అధికారులలో చాలామంది ఇరువది ఏండ్లు దాటినవారు, దాటనివారు. యుద్ధాన్ని తలచవద్దని, పూలతోటలను, సముద్రతీరాలను తలచుకొమ్మని వారికి వైద్యులు, బంధువులు అంతకుమునుపే చెప్పి ఉన్నారు. వారు పగలంతా ఆ మాట ప్రకారమే నడుచుకొనేవారు. పగలు త్రోసివేసినది రాత్రి కలలో పదింతలై వచ్చేది. నిద్రపోవడానికే భయపడేవారు.

రివర్స్ మొదట చేసిన పని ఈ వ్యాధిలో సిగ్గుపడవలసినది ఏమియు లేదని నచ్చజెప్పడం. భయపడడం ప్రాణి స్వభావమనియు, భయాన్ని నెలల తరబడి అణచుకొనవలసి వచ్చినందువలననే మనస్సు దెబ్బతిన్నదనియు వివరించేవారు. తరువాత జరిగినది జరిగినట్లు చెప్పించేవారు. మట్టిలో కూరుకుపోయి బయటపడిన ఒక యువకుడు ఈ విధంగా మనస్సు విప్పి చెప్పిన పిదప నిద్ర కుదుటపడి క్రమంగా కోలుకొన్నాడు.

మరొక అధికారి కథ మరింత హృదయవిదారకమైనది. ప్రాణస్నేహితుని వెదకబోయి, ఫిరంగి గుండుకు ఛిన్నాభిన్నమైన అతని దేహాన్ని చూచినాడు. ఆ దృశ్యమే ప్రతి రాత్రి కలలో వచ్చేది. రివర్స్ అతనితో కూడి ఆ దృశ్యాన్ని తిరిగి పరిశీలించినారు. దేహం ఆ స్థితిలో ఉన్నదంటే ప్రాణం క్షణంలో పోయి ఉండవలెను; యుద్ధభూమిలో గంటల తరబడి కొట్టుకొని చనిపోయినవారి బాధ ఆ స్నేహితునికి లేదు. ఈ సంగతి ఆ అధికారికి అంతవరకు తట్టలేదు. అతని ముఖం వికసించినది. కొన్నాళ్ళకు మరల కల వచ్చినది. ఈసారి కలలో అతడు స్నేహితుని ప్రక్క మోకరిల్లి, ఇంటివారికి పంపదగిన వస్తువులను జాగ్రత్తగా తీసినాడు. భయం పోయి దుఃఖం మిగిలినది. దుఃఖాన్ని మనిషి మోయగలడు.

ప్రతి రోగికీ ఇట్టి ఊరట దొరకలేదు. గుండు పేలుడుకు ఎగిరిపడి, కుళ్ళిన శవం మీద ముఖం ఆనిన ఒక అధికారి విషయంలో, ఓదార్పుకు ఆధారమైనది రివర్స్‌కు ఎంత వెదకినా కనబడలేదు. అతనిని సైన్యం నుండి విడిపించి పల్లెసీమలో ప్రశాంతంగా ఉండమని చెప్పడం కంటే తాను చేయగలిగినది లేదని ఆయన ఒప్పుకొన్నారు. అదే విధంగా, రాత్రింబగళ్ళు గతాన్నే తవ్వుకొనుట కూడా హానికరమని హెచ్చరించినారు. ఈ అనుభవాలన్నిటినీ 1917 డిసెంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ సభలో చదివినారు. ఆ వ్యాసం 1918 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చినది. ఫ్రాయిడ్ పండితుడు చెప్పిన అణచివేత సిద్ధాంతంలో సత్యమున్నదని ఆయన అంగీకరించినారు. అయితే సమస్త మనోవ్యాధులకు కామమే మూలమన్న వాదం యుద్ధరోగుల విషయంలో నిలువదని ధైర్యంగా చెప్పినారు.

ధర్మసంకటం

ఇచ్చట పాఠకులకు ఒక సందేహం కలుగక మానదు. రోగి కోలుకొన్న పిదప ఎక్కడికి వెళ్ళినాడు? ఆస్పత్రి సైన్యానిది, వైద్యుడు ధరించినది సైనిక దుస్తులు. కోలుకొన్నవానిని తిరిగి యుద్ధానికి పంపడం ఆయన విధి. చావు చూచి బెదరిన వానిని స్వస్థపరచి తిరిగి చావు వద్దకు పంపుట వైద్యమా?

1917 జూలైలో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే యువకవి ఆ ఆస్పత్రికి వచ్చినారు. బొంబాయిలోని ససూన్ డాక్ ఏ కుటుంబం పేరుతో ఉన్నదో ఆ కుటుంబానికి చెందినవారాయన. యుద్ధంలో సాహసానికి పతకం పొందినవారు. యుద్ధాన్ని ఆపగల శక్తి ఉన్నవారే కావాలని సాగదీస్తున్నారని బహిరంగ ప్రకటన చేసినందువలన, శిక్షించక, మతి స్థిమితం తప్పినదని ఆస్పత్రికి పంపినారు. ఆయనకు మతి చక్కగానే ఉన్నదని రివర్స్ త్వరలోనే తెలుసుకొన్నారు. ఇరువురి నడుమ వారానికి మూడు పర్యాయాలు సంభాషణ జరిగేది. క్రమంగా ససూన్ ఆయనను తండ్రివలె భావించసాగినారు. చివరకు తన సైనికులు కందకాలలో ఉండగా తాను సురక్షితంగా ఉండుట న్యాయం కాదని తలచి, నవంబరులో తిరిగి సైన్యానికి వెళ్ళినారు. 1918 జూలైలో తలకు తుపాకి గుండు తగిలినను బ్రతికి బయటపడినారు. అదే ఆస్పత్రిలో మరొక వైద్యుని వద్ద చికిత్స పొంది యుద్ధానికి తిరిగివెళ్ళిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ అనే కవి 1918 నవంబరు 4వ తేదీన, యుద్ధం ముగియడానికి వారం రోజుల ముందు, మరణించినారు.

రివర్స్ ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. రోగితో వాదిస్తూ వాదిస్తూ రోగి చెప్పినదే సరియైనదని తనకు తోచినట్లయితే ఏమి కావలెనని ఆయన మనస్సు కలత చెందినది. ఆ కలత తన కలలో సైతం కనబడగా, ఆ కలను విప్పి చూచి, సైనికాధికారికి, శాస్త్రజ్ఞునికి తనలోనే జరుగుచున్న పోరాటంగా వివరించినారు. ఆయన మరణానంతరం 1923లో వెలువడిన స్వప్న గ్రంథంలో ఇది ఉన్నది. యుద్ధం జరుగుచుండగా ఆయన తన విధిని విడువలేదు. ఇది ఆయన తప్పో ఒప్పో తేల్చి చెప్పుట మాకు శక్యం కాదు. ఇతరుల మనస్సులను పరిశీలించినంత నిర్దాక్షిణ్యంగా తన మనస్సును కూడా పరిశీలించుకొన్నారని మాత్రం చెప్పగలము.

చివరి సంతకం

యుద్ధానంతరం 1919లో రివర్స్ కేంబ్రిడ్జికి తిరిగివచ్చినారు. మునుపు బిడియంతో, తన గదిలో, తన పనిలో ఉండే మనిషి ఇప్పుడు విద్యార్థులతో కలసిమెలసి తిరుగసాగినారు. 1920లో సహజ ప్రవృత్తులు, అచేతన మనస్సు విషయంగా గొప్ప గ్రంథం ప్రకటించినారు. 1922లో మెలనీసియా ద్వీపాల జనసంఖ్య క్షీణిస్తున్న విషయంపై వ్యాససంపుటం వెలువరించినారు. రోగాలతో పాటు, పరాయివారి పాలనలో తమ ఆచారాలు, పండుగలు, పనులు పోగొట్టుకొన్న ప్రజలకు జీవితేచ్ఛ సన్నగిల్లుట కూడా ఆ క్షీణతకు కారణమని అందులో వాదించినారు. ఒక వ్యక్తి మనస్సు గాయపడినట్లే ఒక జాతి మనస్సు కూడా గాయపడునని తెల్లదొరల రాజ్యం నడిచే రోజులలో చెప్పుట చిన్న విషయం కాదు. అదే సంవత్సరం లేబర్ పార్టీ పక్షాన లండన్ విశ్వవిద్యాలయ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు అభ్యర్థిగా నిలబడుటకు అంగీకరించినారు.

ఆ ఎన్నిక ఆయన చూడలేదు. జూన్ మొదటి వారంలో ఒక రాత్రి హఠాత్తుగా ప్రేగు బిగుసుకొని తీవ్రమైన నొప్పి వచ్చినది. పరిచారకునికి సెలవిచ్చి ఉన్నందువలన ప్రక్కన ఎవరూ లేరు. తెల్లవారి చూచునప్పటికి ఆలస్యమైపోయినది. 1922 జూన్ 4వ తేదీన, 58వ యేట, అవివాహితులుగానే కన్నుమూశారు. ఆనాటి ఉదయం ఆయన ముందుకు ఒక కాగితం వచ్చినది. భారతదేశం నుండి కేంబ్రిడ్జికి వచ్చి చదువుచున్న ఒక విద్యార్థికి మానవశాస్త్రంలో డిప్లొమా ఇవ్వవచ్చునని పరీక్షకులు చేయవలసిన సంతకం అది. మరణశయ్య మీద నుండి రివర్స్ సంతకం చేసినారు. ఆ సంగతిని హాడన్ పండితుడు అదే కాగితం అడుగున వ్రాసి ఉంచినారు. తన ప్రాణం పోవుచున్న గంటలో ఎక్కడి నుండియో వచ్చిన పరదేశపు పిల్లవాని చదువు ఆగిపోరాదని తలచిన గురువు అంతిమ చిహ్నం ఆ సంతకం.

రివర్స్ మరణించిన 58 ఏండ్లకు, 1980లో, అమెరికా మానసిక వైద్యులు ఈ వ్యాధికి తమ రోగనిర్ణయ గ్రంథంలో ప్రత్యేకమైన స్థానమిచ్చినారు. అది యుద్ధంలోనే కాక తుఫాను, అల్లర్లు, ప్రమాదం, అత్యాచారం వంటి ఏ ఘోరానుభవం తరువాతనైనా రావచ్చునని ఇప్పుడు అందరూ అంగీకరించిన సత్యం.

మన కళాశాలలో రెండు భాషలు వినబడుతున్నవి. ఉర్దూలో హమ్‌దర్ద్ అనే మాట ఉన్నది. నొప్పిలో పాలుపంచుకొనేవాడని దాని అర్థం. తెలుగులో మనం వాడే సహానుభూతి అనే మాటకు కూడా దాదాపు అదే అర్థం. మన తరగతిలో మన ప్రక్కన కూర్చున్న మిత్రుడు కొన్నాళ్ళుగా మాటాడడం లేదు, హాస్టలులో నిద్రపోవడం లేదు, కారణం లేకనే ఉలికిపడుచున్నాడు. అతనిని ఎగతాళి చేయవలదు, మరచిపొమ్మని తేలికగా చెప్పవలదు. అతనికి ఏ భాషలో చెప్పుకొనుట సులభమో ఆ భాషలో చెప్పుకొననిచ్చి, మనం విందాము. మన చేత కానిదైతే తెలిసిన వైద్యుని వద్దకు తోడుగా వెళ్దాము. కళాశాల కమిటీవారికి కూడా మా మనవి ఒకటి ఉన్నది. పుస్తకాలకు ఒక గది, ఆటవస్తువులకు ఒక గది కేటాయించినట్లే, రెండు కుర్చీలు పట్టే ఒక చిన్న గదిని, అందులో వారానికి కొన్ని గంటలు ఓపికతో వినగల శిక్షితుడైన ఒక వ్యక్తిని విద్యార్థులకు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము.